పిండం తల గీద్దాం – 3వ పాఠం: మెదడు చుట్టూ పొరలు

పోయిన పాఠంలో నాడీ నాళిక (మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం) పైకొస మూసుకునేదాకా వచ్చాం. ఫలదీకరణ నుంచి లెక్కేస్తే అది 25వ రోజు ప్రాంతం. స్కానింగ్ రిపోర్టులో చివరి నెలసరి నుంచి లెక్కిస్తారు కాబట్టి అక్కడ రెండు వారాలు ఎక్కువ కనబడుతుంది. ఈ పాఠాల్లో వాడేది పిండం అసలు వయసు.

మెదడును కప్పే మూడు పొరల్ని చాలామంది వరాశిక, లౌతికళ, మృద్వి అని బయటి నుంచి లోపలికి వల్లె వేసి పరీక్ష గట్టెక్కుతారు. వారం తిరిగేసరికి ఏది ఎక్కడో మళ్లీ టెన్షన్. పుట్టిన వరసలో గీస్తే ఆ బాధ ఉండదు.

కాగితం మధ్యలో ఒక గుండ్రం గీయండి, అది మెదడు. రెండు వేళ్ల ఎడం వదిలి బయట ఇంకో గుండ్రం, అది చర్మం. మధ్య ఖాళీని చుక్కలతో నింపండి, ఎడంగా. ఇది మీసెంకైమ్, అంటే పిండంలో కణాలు ఎడంగా పరుచుకున్న మెత్తని కణజాలం. తల ముందు భాగంలో చుక్కలు ఎరుపు, వెనక భాగంలో నీలం. ఎర్రవి నాడీ శిఖ (నాడీ నాళిక అంచుల నుంచి విడిపోయే కణాల గుంపు) నుంచి వలస వచ్చిన కణాలు, నీలివి మధ్యత్వచం (పిండం మూడు తొలి పొరల్లో మధ్యది) నుంచి వచ్చినవి. కోడి, ఎలుక పిండాల్లో కణాలకు గుర్తు పెట్టి, అవి ఎక్కడ తేలతాయో చూసి ఈ సంగతి పట్టుకున్నారు.

ఇప్పుడు అసలు మెలిక. ఈ ఒక్క మీసెంకైమే రెండుగా విడిపోతుంది. బయటి సగంలో చుక్కలు వత్తుగా దిద్దండి, లోపలి సగాన్ని వదులుగానే ఉంచండి. బయటి సగం నుంచి పుర్రె పైకప్పు, వరాశిక రెండూ పుడతాయి. ఒక తల్లి బిడ్డలు కాబట్టే పెద్దయ్యాక కూడా వరాశిక ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. వాటి మధ్య మామూలుగా ఖాళీ ఉండదు. దెబ్బ తగిలి ధమని చిట్లితే రక్తం ఆ పొరను ఎముక నుంచి ఒలుచుకుంటూ చోటు చేసుకుంటుంది.

లోపలి సగంలో చిన్న చిన్న నీటి ఖాళీలు పుట్టి ఒకదానితో ఒకటి కలుస్తాయి. వాటికి బయట మిగిలింది లౌతికళ, లోపల మెదడు ప్రతి మడతలోకీ దిగేది మృద్వి. మధ్యలో తెగకుండా మిగిలిన పోగుల్ని సన్నగీతలతో చూపించండి. చాలా బొమ్మల్లో ఈ పోగులే ఉండవు, అందుకే ఆ రెండూ విడివిడి పొరలన్న భ్రమ కలుగుతుంది.

పుర్రె అడుగు భాగం ముందు మృదులాస్థిగా తయారై తర్వాత ఎముకవుతుంది. పైకప్పుకు ఆ మెట్టు లేదు. 8వ వారం ప్రాంతంలో పొరలోనే నేరుగా ఎముక మొదలవుతుంది. నుదుటికి రెండు, పక్కలకు రెండు చుక్కలు పెట్టి, ఒక్కోదాని నుంచి చుట్టూ గీతలు లాగండి. కనుబొమలకు పైన నుదురు తడిమితే అటూ ఇటూ తగిలే ఉబ్బులు ఆ మొదటి చుక్కలున్న చోటే. ఎముకల అంచులు ఇంకా కలవని సందులు కుట్లు, మూలల్లో మిగిలిన మెత్తని పొర మాడు. అమ్మమ్మలు ఆముదం పెట్టేది ముందు మాడుకు. అది సుమారు ఏడాదిన్నరకు మూసుకుంటుంది, వెనకది రెండు మూడు నెలలకే.

అభ్యాసం: పుట్టిన బిడ్డ తలను పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి గీయండి. ఒక్కో పక్క ఎముకకు నాలుగు మూలలు, రెండిటికీ ఎనిమిది. మరి మెత్తని చోట్లు ఆరే ఎందుకు? నాలుగో పాఠం అక్కణ్నుంచే మొదలు.