‘బాడీ అండ్ సోల్’: ఆదితాళం వేస్తూ వినే పద్ధతి

నెల్లూరు టౌన్‌హాల్లో పద్యనాటకాలు చూసినవాళ్లకు జాజ్ కొరుకుడుపడకపోవడమేమీ ఉండదు. పద్యం అందరికీ తెలిసిందే, వన్స్‌మోర్ కొట్టేది మాత్రం దాని మీద తీసిన రాగానికి. తేడా ఏమిటంటే, జాజ్‌లో పాట మొదటినుంచి చివరిదాకా ఒక చుట్టుగా మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉండగానే ఆ రాగం నడుస్తుంది. ఆ చుట్టు చేతికి దొరకాలి.

జానీ గ్రీన్ 1930లో వరసకట్టిన ‘బాడీ అండ్ సోల్’ అనే జాజ్ పాటలో పల్లవి రెండుసార్లు, చరణం, మళ్లీ పల్లవి కలిస్తే ఒక చుట్టు. ఒక్కో భాగం 8 బార్లు, బారుకు 4 దెబ్బలు. ఆదితాళం ఆవర్తనానికి 8 దెబ్బలు కాబట్టి రెండు బార్లకు ఒక ఆవర్తనం, చుట్టుకు 16.

ముందు బెన్నీ గుడ్‌మన్ ట్రయో 1935 రికార్డు వినండి. క్లారినెట్, పియానో, డ్రమ్స్, అంతే. వరస నోట్లో ఆడేదాకా ముందుకు పోవద్దు.

తర్వాత శాక్సఫోన్ వాయించే కోల్‌మన్ హాకిన్స్, 1939 అక్టోబర్ 11న ఇచ్చిన మూడు నిమిషాల రికార్డు. పియానో రెండు ఆవర్తనాలు వాయించాక శాక్సఫోన్ అందుకుంటుంది. తాళం అక్కడ మొదలుపెట్టండి. కాసేపు అసలు వరస ఛాయ తగులుతుంది. ఆపైన అసలు పాటలో మిగిలేది వరస కింద నడిచే కార్డులే (chords, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు). మొత్తం రెండు చుట్లు.

హార్మోనియం ఒకటిన్నర శ్రుతిలో (C షార్ప్) పెట్టుకోండి. పల్లవి ఎత్తుగడలోనే షడ్జం కలవలేదని శ్రుతి మార్చేస్తారు చాలామంది. మొదటి కార్డు రిషభం మీదది, షడ్జానికి వచ్చేది రెండో ఆవర్తనం మొదట్లో. తొమ్మిదో ఆవర్తనంలో చరణం రెండు శ్రుతికి ఎక్కుతుంది. రెండు ఆవర్తనాలయ్యాక ఒకటి శ్రుతి వైపు దిగి, చివర్న అరస్వరం చొప్పున జారి పల్లవిలో పడుతుంది. ఈ ఎక్కడం చెవికి తెలిసిందంటే ఇక దారి తప్పరు.

రెండో చుట్టులో శాక్సఫోన్ జోరందుకుంటే చెయ్యి కూడా పరుగెత్తుతుంది. అడుగున మంద్రంగా మోగే తీగవాద్యం బాస్‌నే నమ్ముకోండి, ఫోన్ స్పీకర్లో అది వినబడదు, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. పాత రికార్డును డిజిటల్‌లోకి ఎక్కించినప్పుడు వేగం కాస్త అటూఇటూ అయితే శ్రుతి హార్మోనియంతో కలవదు. అప్పుడు తంబురా యాప్‌లో శ్రుతిని సన్నగా సర్దుకోవడమే.

మరో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1960 రికార్డు చివరికి ఉంచుకోండి. పల్లవిలో బాస్ పంచమాన్ని పట్టుకుని కూర్చుంటుంది. చరణంలో కొత్త కార్డులు దూర్చాడు కాబట్టి రెండు శ్రుతి లెక్క అక్కడ చెల్లదు. హార్మోనియం మూసేసి తాళం మాత్రం వేయండి, పదమూడో ఆవర్తనంలో పల్లవి దొరుకుతుంది.