పాయింట్లతో ప్రయాణం – 4వ పాఠం: హైదరాబాద్‌లో ఇంటిల్లిపాదికీ హోటల్

పోయిన పాఠంలో మీ దగ్గరున్న హోటల్ పాయింట్లన్నీ ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. కూడబెట్టడం అయింది కాబట్టి ఇప్పుడు ఖర్చుపెట్టడం నేర్చుకుందాం.

ఉదాహరణకి ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఉండేది రాజమండ్రి. భార్యాభర్తలు, పదకొండేళ్ల అమ్మాయి, ఐదేళ్ల బాబు, నాన్నమ్మ. దసరా సెలవుల్లో గురు, శుక్ర, శనివారాలు మూడు రాత్రులు హైదరాబాద్‌లో ఉండాలని అనుకున్నారు. ఆయన ఖాతాలో 45,000 మారియట్ బాన్‌వాయ్ పాయింట్లున్నాయి (బాన్‌వాయ్ అంటే మారియట్ వాళ్ల పాయింట్ల పథకం). హెచ్‌డీఎఫ్‌సీ మారియట్ కార్డు మీద ఏటా వచ్చే ఉచిత రాత్రి ఒకటుంది. అది 15,000 పాయింట్ల దాకా ఉన్న గదికి చెల్లుతుంది. ఆవిడ ఫోన్లో టాటా న్యూ యాప్ ఇచ్చిన 3,000 న్యూకాయిన్లున్నాయి.

ఆయన యాప్ తెరిచి చేసిన మొదటి పని, ఊళ్లో అన్నిటికన్నా ఖరీదైన గది ఏదో వెతకడం. "ఊరికే వస్తున్నదే కదండీ, పెద్దదే తీసుకోండి" అని ఆవిడ కూడా వంత పాడింది. మనం ఇంకో వైపు నుంచి మొదలుపెడదాం. ఏ హోటల్ అన్నది ఆఖరున తేలుతుంది.

ముందు ఊరి పటం

హైదరాబాద్‌లో పాయింట్లు చెల్లే హోటళ్లు ఎక్కువగా రెండు గుంపులుగా ఉన్నాయి. ఒకటి ట్యాంక్‌బండ్, బేగంపేట, బంజారాహిల్స్ వైపు. ట్యాంక్‌బండ్ దగ్గర మారియట్, దాన్ని ఆనుకుని కోర్ట్‌యార్డ్, బేగంపేటలో ఐటీసీ కాకతీయ, ఈ మూడూ బాన్‌వాయ్ కిందికే వస్తాయి. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో పార్క్ హయత్, రోడ్ నంబర్ 1లో హయత్ ప్లేస్ ఉన్నాయి. సోమాజిగూడలోని మెర్క్యూర్ అకోర్ అనే ఇంకో హోటళ్ల సంస్థ వాళ్లది. రెండో గుంపు హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఉంది. మైండ్‌స్పేస్‌లో వెస్టిన్, దుర్గం చెరువు మీదికి చూసే ఐటీసీ కోహెనూర్, నానక్‌రామ్‌గూడలో షెరటన్, గచ్చిబౌలిలో లె మెరిడియన్, ఫెయిర్‌ఫీల్డ్ బాన్‌వాయ్‌వి. హెచ్‌ఐసీసీ సదస్సుల భవనం పక్కన నోవోటెల్, హైటెక్ సిటీలో ఐబిస్ అకోర్‌వి.

ఇప్పుడు మీరు చూడాలనుకున్నవి ఎక్కడున్నాయో చూసుకోండి. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, జూ పార్క్ దక్షిణాన పాతబస్తీ వైపు. బిర్లా మందిర్, లుంబినీ పార్క్ ఊరి నడుమ. గోల్కొండ పడమర. రామోజీ ఫిల్మ్ సిటీ తూర్పున విజయవాడ హైవే మీద. మ్యూజియం, గుడి, చార్మినార్ చూడ్డమే ముఖ్యమైతే ట్యాంక్‌బండ్ వైపు దిగండి. గోల్కొండ, రామోజీ అయితే గచ్చిబౌలి కూడా బాగానే ఉంటుంది. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే పెద్ద అంబర్‌పేట దాకా సిగ్నళ్లుండవు. కిలోమీటర్లు పెరుగుతాయి, టోల్ కట్టాలి, కానీ కార్లో పిల్లలు విసిగించరు. ఇక చుట్టాల ఇల్లు ఎటూ కూకట్‌పల్లిలోనో కొండాపూర్‌లోనో ఉంటుంది కాబట్టి అదీ లెక్కలోకి తీసుకోండి, ఒక పూట భోజనం అక్కడే.

కారు లేనివాళ్లు మెట్రో గీతల మీద హోటల్ ఎక్కడుందో చూసుకోవాలి. మైండ్‌స్పేస్ నుంచి రాయదుర్గం స్టేషన్ దగ్గర. అక్కడ ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా వెళ్లొచ్చు, చార్మినార్‌కి అక్కణ్నుంచి ఆటో. ఏ రోజు ఎటు అన్నది కూడా ఇప్పుడే రాసుకోండి. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు, జూకి సోమవారం.

తలల లెక్క

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. యాప్ తెరవగానే 'ఒక గది, ఇద్దరు పెద్దలు' అని తనే నింపి పెడుతుంది. చాలామంది దాన్ని ముట్టుకోకుండా పాయింట్ల ధర చూసి సంబరపడతారు. ముట్టుకోండి. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, వాళ్ల వయసులతో సహా నింపండి. అప్పటిదాకా కనిపించిన హోటళ్లలో సగం 'గది లేదు' అనేస్తాయి. ఎందుకంటే మన ఊరి హోటళ్లలో మామూలు గదికి ముగ్గురే గరిష్ఠం అనే చోట్లు ఎక్కువ. ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల. లేదా ముగ్గురు పెద్దలు, అదీ అదనపు మంచం వేసి.

ఆ అదనపు మంచానికి డబ్బు కట్టాలి. గది పాయింట్లతో వచ్చినా, ఉచిత రాత్రితో వచ్చినా, మూడో పెద్దమనిషి మంచం దాంట్లోకి రాదు. పొద్దున్న టిఫినూ అంతే. పాయింట్ల గదులకి చాలా చోట్ల టిఫిన్ ఉండదు. ఐదుగురు మూడు పొద్దులు పెద్ద హోటల్ బఫేలో తింటే ఊరికే వచ్చిన గది కాస్తా తడిసి మోపెడవుతుంది. హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్ లాంటి చోట టిఫిన్ గదితోనే వస్తుంది, దాన్ని ఐదుతో గుణించి చూస్తే గానీ విలువ తెలీదు. లేదంటే నా మాట విని హోటల్ బఫే వదిలేయండి. హైదరాబాద్‌లో ఇడ్లీ దొరకని వీధి లేదు.

మన కుటుంబానికి ఒక గది చాలదు, రెండు కావాలి. రెండూ ఒకే రకం అక్కర్లేదు. ఒకటి పెద్ద మంచం గది, ఒకటి రెండు విడి మంచాలది. నాన్నమ్మా మనవరాలూ విడి మంచాల గదిలో, బాబు అమ్మానాన్నల దగ్గర. మధ్యలో తలుపున్న జంట గదులు కావాలని బుక్ చేసిన రోజే హోటల్‌కి ఫోన్ చేసి చెప్పండి, రెండు రోజుల ముందు మళ్లీ చేయండి. యాప్‌లో రాసిన కోరిక ఎవరూ చదవరనుకునే ఫోన్ చేయాలి.

ఆ ఫోన్లోనే ఇంకో ప్రశ్న: "బాత్‌రూమ్‌లో టబ్బా, నేల మీద షవరా?" టబ్బు అంచు దాటి లోపల కాలు పెట్టడం మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఎంత గండమో ఫోటోల్లో కనిపించదు. టబ్బు లేని గది ఉందా, గోడకి పట్టుకునే కమ్మీ ఉందా, కూర్చుని స్నానం చేయడానికి స్టూలు ఇస్తారా అని విడివిడిగా అడగండి. ఈ మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పిన హోటల్‌కి నేనైతే రెండు వేల పాయింట్లు ఎక్కువైనా ఇచ్చేస్తాను.

పైసల లెక్క

పాయింట్లు రెండు రకాలు. మొదటి రకానికి విలువ కట్టేసి ఉంటుంది. ఒక న్యూకాయిన్ ఒక రూపాయి. అకోర్‌లో 2,000 పాయింట్లకి 40 యూరోలు తగ్గుతాయి. వీటికి ఏ హోటల్, ఏ రోజు అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, అవసరమైన చోట వాడేయడమే. ఆవిడ 3,000 న్యూకాయిన్లు అలాంటివే. తాజ్‌లో ఒక పూట భోజనం బిల్లు తగ్గించుకున్నా, ఇంటికొచ్చాక బిగ్‌బాస్కెట్‌లో సరుకులు తెప్పించుకున్నా అదే మూడు వేలు.

రెండో రకం మారియట్, హయత్, ఐహెచ్‌జీ (హాలిడే ఇన్ వాళ్లది) లాంటివి. వీటి విలువ ఎక్కడ వాడితే అక్కడ మారుతుంది. అందుకే లెక్క కావాలి: పన్నుతో కలిపి గది అద్దెని, అడిగిన పాయింట్లతో భాగించండి. పాయింటుకి ఎన్ని పైసలో వస్తుంది.

ఇందులో పన్ను మరిచిపోతే లెక్కంతా తప్పు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 5 శాతం జీఎస్టీ, ఆ పైన 18 శాతం. అంటే 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది, 7,600 గది 8,968 అవుతుంది. అద్దెలో తేడా రెండు వందలు, జేబులోంచి పోయేది దాదాపు పన్నెండు వందలు. అద్దె ఆ గీతకి కాస్త కిందుంటే డబ్బు కట్టడం మేలు, కాస్త పైనుంటే పాయింట్లు బయటికి తీయండి.

ఇంకో కొసరుంది. డబ్బు కట్టి ఉంటే కొత్త పాయింట్లు వచ్చేవి, పాయింట్లతో ఉంటే రావు. మారియట్‌లో చాలా బ్రాండ్లకి డాలరుకి 10. ఆ పోయినవాటిని కూడా మనం ఇచ్చే పాయింట్లకి కలపాలి.

అంకెలతో చూద్దాం. ఇవి పాఠం కోసం వేసినవి, మీ తేదీలకి యాప్‌లో కనిపించినవి వేసుకోండి. గురువారం అద్దె 9,000, పన్నుతో 10,620. అడిగింది 15,000 పాయింట్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 9,000కి వంద డాలర్లు, పోయే పాయింట్లు 1,000. 10,620ని 16,000తో భాగిస్తే 66 పైసలు. అదే గదికి శనివారం అద్దె 6,000, పన్నుతో 6,300. అడిగింది 12,000 పాయింట్లు, పోయేవి ఇంకో 667. పాయింటుకి 50 పైసలు కూడా నిండలేదు.

మారియట్‌కి నా గీత 60 పైసలు. పైనుంటే పాయింట్లు, కిందుంటే డబ్బు. హయత్‌కి, ఐహెచ్‌జీకి ఈ గీత పనికిరాదు, వాటి పాయింట్ల తూకం వేరు. ఎవరి గీత వాళ్లు గీసుకోవాలి. అయితే ఆ గీతకే అంటుకుపోవద్దు. పాయింట్లు దాచుకుంటే వడ్డీ రాదు. మారియట్ 2022లో స్థిరమైన పట్టిక తీసేసినప్పట్నుంచి అడిగే పాయింట్లు రోజురోజుకీ మారుతున్నాయి. పైగా 24 నెలలు ఖాతాలో కదలిక లేకపోతే ఉన్నవి కూడా పోతాయి. వచ్చే ఏడాదిలో ఇంకో ప్రయాణం లేకపోతే 50 పైసలకైనా వాడేయడమే తెలివి.

ఏ రోజు దిగాలి

పై లెక్కలో గురువారానికీ శనివారానికీ తేడా ఊరికే రాలేదు. గచ్చిబౌలి, హైటెక్ సిటీ హోటళ్లు బతికేది కంపెనీ పనుల మీద వచ్చేవాళ్లతో. సోమవారం నుంచి గురువారం దాకా గదులకి గిరాకీ, శుక్రవారం సాయంత్రానికి లాబీ ఖాళీ. ఇక హెచ్‌ఐసీసీలోనో హైటెక్స్‌లోనో పెద్ద సదస్సు పడిందంటే ఆ చుట్టుపక్కల అద్దెలు ఆకాశానికే. అలాంటి రోజుల్లో అద్దె పెరిగినంతగా పాయింట్లు పెరగకపోవడం కద్దు. పాయింట్లకి అదే పండగ.

ట్యాంక్‌బండ్ వైపు వారం కన్నా పంచాంగం ముఖ్యం. మంచి ముహూర్తం ఉన్న రాత్రి పెద్ద హాలున్న హోటల్లో దిగితే బ్యాండు మేళం మీ ఖాతాలోకే. వినాయక నిమజ్జనం రోజైతే హుస్సేన్‌సాగర్ చుట్టూ దారులు మళ్లిస్తారు, క్యాబ్ హోటల్ గేటు దాకా రాదు. నిమజ్జనం చూడ్డానికే వస్తే అంతకన్నా మంచి చోటు లేదు, ముందురోజే చేరిపోండి. రైలెక్కాల్సిన రోజు అదే అయితే ఆ వైపు వద్దు.

రైలు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి దించేస్తుంది, గది చేతికిచ్చేది మధ్యాహ్నం రెండు మూడింటికి. పాయింట్ల గదికి ముందే తాళం ఇమ్మని గట్టిగా అడగలేం. సామాను హోటల్లో పెట్టి ఊరు తిరగడం మనకి సరే, రాత్రంతా బెర్తు మీద నిద్రపట్టని నాన్నమ్మకి కాదు. విశాఖ–సికింద్రాబాద్ వందేభారత్‌కి రాజమండ్రిలో పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం రెండు దాటాక దిగుతారు, నేరుగా గదికే.

మనవాళ్ల లెక్క తేల్చేద్దాం

రెండు గదులు, మూడు రాత్రులు. గురువారం ఖరీదు కాబట్టి ఒక గదికి 15,000 పాయింట్లు, రెండోదానికి కార్డు ఇచ్చిన ఉచిత రాత్రి. శుక్ర, శని రెండు రాత్రులూ 6,300 చొప్పున రెండు గదులకి 25,200 అవుతుంది. సంక్రాంతికి ఇంకో ప్రయాణం ఉంటే అది డబ్బే కట్టి, మిగిలిన 30,000 పాయింట్లు అట్టిపెట్టాలి. లేకపోతే ఒక గదికి రెండు రాత్రులకీ 24,000 పాయింట్లు ఇచ్చేసి, రెండో గదికి 12,600 కడితే చాలు. ఇలా చేస్తే బుకింగులు నాలుగైదు ముక్కలవుతాయి. నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి, దిగగానే కౌంటర్లో ఇచ్చి, "ఇవన్నీ మావేనండీ, మధ్యలో గది మార్చకండి" అని చెప్పాలి. పాయింట్ల యజమాని పేరే బుకింగులో ఉంటుంది కాబట్టి ఆయన దగ్గరుండాలి.

బ్యాంకు కార్డు పాయింట్లని హోటల్ ఖాతాలోకి మార్చుకునేవాళ్లకి ఒక్క హెచ్చరిక: అటు వెళ్లినవి ఇటు రావు. మీ తేదీలకి పాయింట్లతో గది ఉందని కళ్లారా చూశాకే మార్చండి. రద్దు గడువు హోటల్ హోటల్‌కీ వేరు, బుకింగ్ పేజీ అడుగున ఉంటుంది.

ఇంటిపని: మీరు వెళ్లాలనుకున్న వారంలో ఒక బుధవారం, ఒక శనివారం తీసుకోండి. ట్యాంక్‌బండ్ వైపు ఒక హోటల్, గచ్చిబౌలి వైపు ఒక హోటల్. మీ ఇంట్లో తలలన్నీ నింపి, నాలుగు గళ్లకీ పైసలు కట్టండి. ఏ గడిలోనైనా అద్దె 7,500కి అటూ ఇటూగా వస్తే దాని చుట్టూ గీత గీసి ఉంచండి, అయిదో పాఠం ఆ గడితోనే మొదలుపెడతాం.