డేటాబేస్‌లో వెతకడానికి సరైన మాటలు ఎలా ఎంచుకోవాలి?

మా మేనకోడలికి నర్సింగ్‌లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు పిల్లల ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీశాయో రాయాలి. కాలేజీ లైబ్రరీలో పబ్‌మెడ్ (వైద్య పరిశోధన పేపర్లు వెతికే డేటాబేస్) తెరిచి ఈ వాక్యం మొత్తాన్నీ ఇంగ్లీషులో టైపు చేసింది. పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. "దీని మీద ఎవరూ రాసినట్టు లేదు మామయ్యా, టాపిక్ మార్చుకుంటా" అని టెన్షన్‌గా ఫోన్ చేసింది. మన ప్రాంతపు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు) గురించి డాక్టర్లు 1937 నుంచీ రాస్తూనే ఉన్నారు. కాకపోతే వాళ్లు రాసిన మాటలు వేరు, తను టైపు చేసిన మాటలు వేరు. గూగుల్ మన వాక్యాన్ని పట్టుకుని ఏదో ఒకటి చూపిస్తుంది. లైబ్రరీ డేటాబేస్‌లో మాత్రం పేపరు రాసినవాళ్లు ఏ మాట వాడి ఉంటారో మనమే ఊహించాలి.

ముందు కంప్యూటర్ పక్కన పెట్టి కాగితం తీసుకోండి. మీ ప్రశ్న రాసి, అందులోని అసలు విషయాల కింద గీత గీయండి. ఇక్కడ అవి మూడు: ఫ్లోరైడ్, పిల్లలు, నల్గొండ. "ప్రభావం", "సమస్య", "అధ్యయనం" లాంటివి కొట్టేయండి. అవి ఏ పేపరులోనైనా ఉంటాయి కాబట్టి మనకు కావలసినదాన్ని విడదీసి చూపించలేవు.

తర్వాత కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి, ఒక్కో విషయానికీ ఉన్న వేరే పేర్లన్నీ దాని కింద రాయండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఫ్లోరైడ్ గడిలో ఫ్లోరోసిస్, డెంటల్ ఫ్లోరోసిస్, స్కెలిటల్ ఫ్లోరోసిస్ వస్తాయి. పళ్ల మీద మచ్చలను 1930ల నాటి డాక్టర్లు మాటిల్డ్ ఎనామెల్ అనేవారు, అదీ రాయండి. ఊరి గడిలో ఇంకా జాగ్రత్త కావాలి. 2014 జూన్ 2కు ముందు రాసిన పేపర్లలో నల్గొండ ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. నల్గొండతో పాటు తెలంగాణ అనే మాట కూడా ఉండాలని అడిగితే అవన్నీ జారిపోతాయి. అలాగే ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకుముందు పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అందుకే వాటి గురించి 1937 నాటి రాతలు వెతకాలంటే నెల్లూరు, మద్రాస్ ప్రెసిడెన్సీ అని టైపు చేయాలి.

ఇప్పుడు గళ్లను కలపండి. ఒకే గడిలోని మాటల మధ్య ఆర్ (OR, వీటిలో ఏదున్నా చాలు అని) పెట్టి, వాటన్నిటినీ ఒక బ్రాకెట్లో ఉంచండి. ఒక గడికీ ఇంకో గడికీ మధ్య ఆండ్ (AND, రెండూ ఉండాలి అని) పెట్టండి. పబ్‌మెడ్‌లో వీటిని ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే రాయాలి. స్కెలిటల్ ఫ్లోరోసిస్ లాంటి జంట మాటలు విడిపోకుండా కొటేషన్ గుర్తుల్లో పెట్టండి.

మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఆ మొదలుతో వచ్చే మాటలన్నీ వస్తాయి. దాన్ని ఎక్కడ పెడుతున్నామో చూసుకోవాలి. ఫ్లోరోసిస్ స్పెల్లింగులో మొదటి ఐదు అక్షరాల తర్వాత పెడితే ఫ్లోరసెన్స్ (కాంతికి సంబంధించిన వేరే విషయం) పేపర్లు కుప్పలుగా పడతాయి. ఇంకో రెండు అక్షరాలు పెంచినా ఎక్స్‌రే విభాగం వాళ్ల ఫ్లోరోస్కోపీ వచ్చి చేరుతుంది. కాబట్టి ఫ్లోరోసిస్‌ను పూర్తిగా రాయడమే మేలు. ఫ్లోరైడ్ స్పెల్లింగులో చివరి అక్షరం తీసేసి నక్షత్రం పెడితే ఫ్లోరైడ్స్, ఫ్లోరిడేషన్ రెండూ దొరుకుతాయి. డీఫ్లోరిడేషన్ (నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడం) మాత్రం దొరకదు, దాని మొదలు వేరు కదా. దాన్ని విడిగా చేర్చండి.

పబ్‌మెడ్‌లో మెష్ అనే శీర్షికల పట్టిక ఉంది, తప్పకుండా చూడండి. రచయిత ఏ మాట వాడినా, ఒక విషయానికి అక్కడ ఒకే శీర్షిక పెడతారు. వాటికీ వాటి సొంత అర్థాలుంటాయి. మెష్‌లో చైల్డ్ అంటే 6 నుంచి 12 ఏళ్లు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లు అడాలసెంట్ కిందికి వస్తారు. హైస్కూల్ పిల్లల గురించి కావాలంటే రెండూ పెట్టాలి. అయితే పబ్‌మెడ్‌లోని అన్ని పేపర్లకూ మెష్ శీర్షికలు ఉండవు. అందుకే శీర్షికనూ మామూలు మాటలనూ ఆర్‌తో కలిపి వెతకండి.

మొదటిసారి వచ్చిన ఫలితాలను చూసి మాటలు సరిచేసుకోవాలి. మా మేనకోడలు నల్గొండ, ఫ్లోరైడ్ అని మాత్రమే కొడితే టాంజానియా, ఇథియోపియా పేపర్లు వచ్చి కంగారుపడింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని వాడారు. నాట్ (NOT, ఈ మాట ఉన్నవి వద్దు అని) టెక్నిక్ అని కొట్టి వాటిని తీసేయాలనిపిస్తుంది కానీ తొందరపడొద్దు. నల్గొండ పిల్లల గురించి రాసిన పేపరులోనూ ఆ పద్ధతి ప్రస్తావన ఉండొచ్చు, అదీ పోతుంది. పిల్లల గడిని ఆండ్‌తో చేరిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక్క మంచి పేపరు దొరికితే దాని పేరు, సారాంశం, కీవర్డులు చదివి అందులోని కొత్త మాటలను మీ గళ్లలోకి ఎక్కించండి. ఏ తేదీన ఏం టైపు చేశారో కాగితం మీద రాసుకోండి, గైడ్ అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

తెలుగు సాహిత్యం, జానపదం మీద పరిశోధన చేసేవాళ్లకు ఇంకో పని ఉంది. శోధ్‌గంగలో (మన దేశపు యూనివర్సిటీల సిద్ధాంత గ్రంథాలు ఉంచే వెబ్‌సైట్) బతుకమ్మ మీద సిద్ధాంత గ్రంథాలు వెతికేటప్పుడు తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషులో 'టి' తర్వాత 'హెచ్' పెట్టి ఒకసారి, పెట్టకుండా ఇంకోసారి వెతకండి. ఒక్కొక్కరు ఒక్కోలా రాసి ఉంటారు.