వార్తలు వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: రెండు కుర్చీల చర్చ

పోయిన పాఠంలో అతిథి ఎవరు, ఏ హోదాలో మాట్లాడుతున్నారు అనేది రాసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఆ అలవాటు ఇప్పుడూ కావాలి. ఈసారి ఇద్దరు అతిథులను ఎదురెదురుగా కూర్చోబెట్టిన చర్చను ఎలా వినాలో చూద్దాం. ఉదాహరణగా వాతావరణ మార్పును తీసుకున్నాను. సమతూకం పాటించబోయి టీవీ, రేడియోలు తప్పులో కాలేసిన తీరు ఇందులో కనిపించినంత తేటగా ఇంకెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

ఒక కాగితం తీసుకుని మూడు నిలువు గడులు గీయండి. చర్చలో వినిపించే ప్రతి మాటా వీటిలో ఏదో ఒక దాంట్లోకి వెళ్లాలి.

మొదటి గడి తేలిపోయిన విషయాలకు. మనుషుల వల్ల భూమి వేడెక్కుతోందన్నది ఇక్కడికి వస్తుంది. ఇందులో సందేహం లేదని ఐపీసీసీ (వాతావరణ మార్పు శాస్త్రాన్ని మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంఘం) 2021 నివేదిక నేరుగానే రాసింది. 1850–1900 కాలంతో పోలిస్తే 2011–2020 దశాబ్దపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ.

రెండో గడి ఇంకా తేలుతున్న వాటికి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి భూమి ఎంత వేడెక్కుతుంది? అదే నివేదిక 3 డిగ్రీలు అంది, 2.5 నుంచి 4 దాకా ఎంతైనా ఉండే అవకాశముందని కూడా చెప్పింది. ఆ తేడా మీద శాస్త్రవేత్తలు నిజంగానే వాదించుకుంటారు.

మూడో గడి ఏం చేయాలన్న దానికి. కార్బన్ పన్ను వేయాలా, అణు విద్యుత్తు పెంచాలా, ఖర్చు ఎవరు భరించాలి? వీటికి శాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు. ఇక్కడ ఇద్దరేం సరిపోతారు, నలుగురిని పిలిచినా తక్కువే.

మాట ఏ గడిలో పడిందో తెలిస్తే దానికి ఎన్ని కుర్చీలు వేయాలో తెలుస్తుంది. ఇక అసలు రికార్డులో ఇది ఎలా ఉంటుందో చూద్దాం.

2014 ఫిబ్రవరి 13. బీబీసీ రేడియో 4లో ఉదయం వచ్చే 'టుడే' కార్యక్రమం. ఆ చలికాలం ఇంగ్లండ్‌ను వరదలు ముంచెత్తాయి. వాటికీ వాతావరణ మార్పుకీ సంబంధం ఉందా అన్నది ప్రశ్న. ఒక కుర్చీలో సర్ బ్రయాన్ హోస్కిన్స్, వాతావరణ శాస్త్రవేత్త. రెండో కుర్చీలో నైజెల్ లాసన్, బ్రిటన్ మాజీ ఆర్థిక మంత్రి, భూతాపం మీద ప్రభుత్వాలు తీసుకునే చర్యలను విమర్శించే ఒక సంస్థ స్థాపకుడు.

హోస్కిన్స్ జాగ్రత్తగా మొదలుపెట్టారు. ఈ వరదకు వాతావరణ మార్పే కారణమని గానీ, కాదని గానీ సూటిగా చెప్పలేమన్నారు. అయితే గాలి వేడెక్కితే ఎక్కువ తేమను పట్టుకుంటుంది కాబట్టి భారీ వర్షాలు పెరుగుతాయని అనుకోవడానికి ఆధారాలున్నాయన్నారు. ఇది రెండో గడి మాట.

తర్వాత సంభాషణ దారి మళ్లింది. కొన్నేళ్లుగా భూమి వేడెక్కనే లేదని లాసన్ అన్నారు. అదనపు వేడి సముద్రాల్లోకి వెళ్తోందని హోస్కిన్స్ చెప్పారు. అదంతా ఊహాగానమన్నారు లాసన్. ఊహ కాదు, కొలిచి చెబుతున్నదేనని హోస్కిన్స్. కాదు, ఊహేనని మళ్లీ లాసన్. అప్పుడు వ్యాఖ్యాత మధ్యలో కల్పించుకుని, అది రెండూ కలిసినదే కదా అని సర్దిచెప్పబోయారు!

ఇక్కడ రికార్డింగ్ ఆపండి. ఈ పాఠం మొత్తానికీ కీలకమైన చోటు ఇదే. కొలిచారా లేదా అన్నదానికి మధ్యేమార్గం ఉండదు. ఆర్గో అనే తేలియాడే పరికరాలు సముద్రంలో 2,000 మీటర్ల లోతు వరకు దిగి ఉష్ణోగ్రత కొలుస్తాయి. 2007 నాటికే అవి 3,000 దాకా ఉన్నాయి. భూమ్మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలకే చేరుతోంది. అంటే అది మొదటి గడిలో ఉన్న విషయం. వ్యాఖ్యాత దాన్ని మూడో గడి విషయంలా చూసి రాజీ కుదర్చబోయారు. మర్యాదగా, సమంగా అనిపించే మాటతోనే విన్నవాళ్లు దారి తప్పారు.

ఇంకొకటి. 'కొన్నేళ్లుగా వేడెక్కలేదు' అనే మాట వినగానే లెక్క ఏ ఏడాది నుంచి అని అడగండి. అప్పట్లో ఆ వాదన చాలాసార్లు 1998 దగ్గర మొదలయ్యేది. 1998 బలమైన ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రపు పైనీళ్లు వేడెక్కి ప్రపంచ ఉష్ణోగ్రత మామూలు కంటే బాగా పెరిగిన ఏడాది. అంత ఎత్తు నుంచి గీస్తే ఏ గీతైనా చదునుగానే కనిపిస్తుంది.

హోస్కిన్స్, లాసన్‌ల చర్చ మీద వచ్చిన ఫిర్యాదు సబబేనని బీబీసీ ఫిర్యాదుల విభాగం 2014లోనే తేల్చింది. అయినా 2017 ఆగస్టులో అదే కార్యక్రమంలో, గత పదేళ్లలో భూమి సగటు ఉష్ణోగ్రత కాస్త తగ్గిందని లాసన్ అన్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2018లో దాన్ని ఖచ్చితత్వ నియమానికి విరుద్ధమని ప్రకటించింది. ఆ ఏడాదే బీబీసీ తన సిబ్బందికి మార్గదర్శకాలు పంపింది: నిష్పాక్షికత కోసం వాతావరణ మార్పును కాదనేవాళ్లను పిలవాల్సిన అవసరం లేదు, మార్పు వేగం, తీవ్రత, విధానాల చర్చల్లో సంశయవాదులకు చోటుండొచ్చు. మన మూడు గడులకు ఇది దగ్గరగానే ఉంది.

సంశయించేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్‌కు ఉష్ణోగ్రత రికార్డుల మీద అనుమానాలుండేవి. బర్క్‌లీ ఎర్త్ పేరుతో బృందాన్ని కట్టి లెక్కలన్నీ మళ్లీ చేయించారు. 2011లో వేడెక్కడం నిజమేనని, 2012లో దాదాపు అంతటికీ కారణం మనుషులేనని ప్రకటించారు. అతిథి సంశయవాది అనగానే మీరు రాసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ ఆధారం చూపిస్తే ఈయన మనసు మార్చుకుంటారు? చర్చ అయిపోయేలోగా జవాబు దొరక్కపోతే అదీ నోట్ చేసుకోండి.

అవతలి వైపుకీ ఇదే కొలత. ఒక్క తుపాను రాగానే 'ఇది వాతావరణ మార్పు పనే' అని రిపోర్టర్ తేల్చేస్తే దాని పక్కన కూడా ఎర్ర గుర్తు పెట్టండి. అలాంటి ఘటన జరిగే అవకాశం ఎన్ని రెట్లు పెరిగిందో అంచనా వేసే అధ్యయనాలున్నాయి. వార్తలో ఆ అంకె లేకపోతే అది రిపోర్టర్ ఊహే.

అభ్యాసం: ఏదైనా వాతావరణ చర్చ రికార్డింగ్‌లో పది నిమిషాలు ఎంచుకోండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ఆపుతూ, ప్రతి వాదననూ గడిలో రాసి, దాని పక్కన వ్యాఖ్యాత వెంటనే ఏమన్నారో రాయండి: ప్రశ్నించారా, వదిలేశారా, రాజీ చేశారా. ఎక్కువమంది తడబడేది గడి మారే చోటే. 'ఈ పన్ను పేదల నడ్డి విరుస్తుంది' అని మూడో గడిలో మొదలైన మాట, 'అయినా అసలు వేడెక్కుతోందని ఎవరన్నారు' అంటూ చటుక్కున మొదటి గడిలోకి జారుతుంది. అలా జారిన ప్రతిసారీ ఒక బాణం గీయండి. వచ్చే పాఠంలో టీవీ తెర మీద చూపించే గ్రాఫులను తీసుకుంటాం, ఈ బాణాల కాగితం అప్పటికి దగ్గర ఉంచుకోండి.