రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా?

నల్లగొండలో మీసేవ, జిరాక్స్ సెంటర్లలో పొద్దస్తమానం కీబోర్డు కొట్టేవాళ్లకు ఈ మాట. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు నిద్రలో మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే గానీ తగ్గట్లేదా? చిటికెన వేలికి మాత్రం ఏమీ లేదా? కార్పల్ టన్నెల్ అనే సమస్య కావచ్చు. మణికట్టులోని ఇరుకు దారిలో, ఆ వేళ్లకు వెళ్లే మీడియన్ నరం నొక్కుకుపోతుంది. చిటికెన వేలి నరం వేరు.

మెడికల్ షాపులో రిస్ట్ స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ, అడగండి. అరచేతి వైపు గట్టి రేకు ఉండాలి. సాగే గుడ్డ పట్టీ చేతిలో పెడితే వద్దనండి, అది మణికట్టు వంగకుండా ఆపలేదు. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు తిన్నగా ఉండేలా, మరీ బిగించకుండా కట్టుకోండి. కనీసం 6 వారాలు. రెండ్రోజులకే మూలన పడేసి పనిచెయ్యలేదంటే ఎట్లా?

పగలు ఇంకో పని. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లు మడిచెయ్యండి. వాటిని లేపితే మణికట్టు పైకి వంగుతుంది. కుర్చీ పొట్టిదైతే దిండు వేసుకోండి, మోచేయి బల్ల ఎత్తుకు రావాలి. టైలర్లు, మగ్గం నేసేవాళ్లు కూడా మధ్యమధ్యలో చెయ్యి ఆపాలి.

షుగర్, థైరాయిడ్ ఉంటే ఇది త్వరగా వస్తుంది, వాటికి పరీక్ష చేయించుకోండి. గుండీ పెట్టుకోలేకపోతున్నా, వస్తువులు చేజారుతున్నా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అవసరమైతే నరాల పరీక్ష రాస్తారు, ఇంజెక్షన్ ఇస్తారు, లేదంటే చిన్న ఆపరేషన్.