గుండెకు తగిలే బేస్ కావాలంటే హెడ్‌ఫోన్ ఎలా చూసి కొనాలి

మా నాన్నది చీపురుపల్లి దగ్గర పల్లెలో మైక్ సెట్ దుకాణం. పెళ్ళిళ్ళకీ, అమ్మవారి పండగలకీ బాక్సులు కడుతుంటే నేను వైర్లు అందించేవాణ్ణి. పాట పెట్టాక ఆయన బాక్సు ముందు నిలబడేవారు కాదు. ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి, అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని వినేవారు. "మోత వస్తోంది గానీ కిందది రావట్లేదురా, ఒక బాక్సుకి వైరు తిరగబడినట్టుంది చూడు" అనేవారు. ప్లస్సూ మైనస్సూ మార్చి బిగించగానే నేల కదిలినట్టు ఉండేది. నేను హెడ్‌ఫోన్‌లో వెతికేది కూడా ఆ "కిందది" కోసమే.

ఉద్యోగానికి రోజూ రైల్లో విశాఖ వెళ్ళి వస్తాను. ఈ దారిలో నాలుగైదు హెడ్‌ఫోన్లు మార్చాను. మొదటిదాని పెట్టె మీద "ఎక్స్‌ట్రా బేస్" అని పెద్దక్షరాలతో ఉంది. తీరా వింటే గాయకుడు కుండలో తల పెట్టి పాడుతున్నట్టుంది. డ్రమ్ము కొట్టినా, బేస్ గిటార్ మీటినా ఒకటే "బుమ్". ఆ డబ్బు పోయాకే అసలు విషయం నేర్చుకున్నాను.

శబ్దం సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క హెర్ట్జ్. అంకె తగ్గేకొద్దీ శబ్దం కిందికి దిగుతుంది. మన చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దాదాపు 250 లోపు ఉన్నదంతా బేసే. అందులో రెండు అంతస్తులు ఉన్నాయి. 60 నుంచి 250 వరకు మోత. 60 కింద ఉన్నది లోతు, నాన్న చెప్పే "కిందది". వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది చూడండి, అది 100 హెర్ట్జ్. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ దాదాపు 41. మగవాళ్ళ గొంతు ఎక్కువగా 100, 150 మధ్య తిరుగుతుంది. ఆ 100, 200 మధ్య భాగాన్ని పెంచేస్తే వినగానే ఆహా అనిపిస్తుంది, కానీ గొంతు కూడా దాంతోపాటే ఉబ్బిపోతుంది. నా మొదటి హెడ్‌ఫోన్‌లో జరిగింది అదే.

పెట్టె మీద రాసిన అంకెలతో ఇది తెలియదు. "20 నుంచి 20,000 హెర్ట్జ్" అని అందరూ రాస్తారు. 20 దగ్గర ఎంత గట్టిగా పలుకుతుందో రాయరు. డ్రైవర్ అంటే లోపల శబ్దం పుట్టించే చిన్న స్పీకరు. దాని సైజు 50 మిల్లీమీటర్లంటే 40 కంటే బేస్ ఎక్కువని కూడా అనుకోవద్దు. చెవి రంధ్రంలో సరిగ్గా కూర్చున్న 10 మిల్లీమీటర్ల చిన్న ఇయర్‌ఫోన్, గాలి పోతున్న పెద్ద హెడ్‌ఫోన్ కంటే లోతుగా పలుకుతుంది.

గాలి పోకపోవడమే ఇక్కడ ప్రాణం. సైకిల్ పంపులో వాషర్ అరిగిపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కదు. హెడ్‌ఫోన్ కూడా అంతే. డ్రైవర్ ముందుకీ వెనక్కీ కదిలి మూసి ఉన్న కాస్త గాలిని నొక్కుతుంది. సందు ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. ముందు పోయేది లోతైన బేసే, పై శబ్దాలకు పెద్దగా ఏమీ కాదు. అందుకే వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ రకం లోతైన బేస్ కోసం కొనవద్దు, వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ తీసుకోండి.

హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట నడుస్తుండగా రెండు అరచేతులతో కప్పుల్ని తల వైపు మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే మీ తలకి అది సరిగ్గా పట్టడం లేదన్నమాట. కళ్ళజోడు ఉన్నవాళ్ళు జోడు పెట్టుకునే చూడాలి. మా చెల్లి హెడ్‌ఫోన్‌లో బేస్ లేదని నెల రోజులు బాధపడింది. చూస్తే కళ్ళజోడు లావు కాడ కుషన్‌ని ఎత్తిపెడుతోంది. సన్న కాడల జోడు మార్చాక అదే హెడ్‌ఫోన్ చక్కగా పలికింది. ఇయర్‌ఫోన్ అయితే పెట్టెలో వచ్చే మూడు సైజుల రబ్బరు టిప్స్ మూడూ వేసి చూడండి. రెండు చెవి రంధ్రాలు ఒకే కొలత ఉండాలని లేదు. నాకు కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి పెద్దది.

ఇక కొట్లో చూడటం. విజయనగరంలో గంటస్తంభం వైపు గానీ, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర గానీ కొంటే పొద్దున్న కొట్టు తెరిచిన వేళకి వెళ్ళండి. సాయంత్రం హారన్ల మధ్య బేస్ తెలియదు. ఫోన్‌లో మూడు ఉంచుకోండి: మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి, మృదంగం ఒక్కటే వాయించిన మంచి రికార్డింగ్ ఒకటి, మనం చెప్పిన హెర్ట్జ్‌లో ఒకే స్వరం పలికించే టోన్ జనరేటర్ యాప్ ఒకటి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్‌లో బేస్, గొంతు లాంటివి విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌ని పూర్తిగా ఆపేయండి. రెండు హెడ్‌ఫోన్లు పోల్చేటప్పుడు రెండూ ఒకే గట్టిదనంతో వినాలి, ఎందుకంటే కాస్త గట్టిగా పలికేదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది.

టోన్ యాప్‌లో తక్కువ వాల్యూమ్ మీద 100తో మొదలుపెట్టి 60, 50, 40, 30కి దిగండి. 40 దగ్గర కూడా శబ్దం నిండుగా ఉంటే మంచి వస్తువు. 60 దాటగానే మాయమైపోతే వదిలేయండి. వినబడలేదని వాల్యూమ్ మాత్రం పెంచకండి. దిగుతుంటే గరగర వచ్చినా వద్దు.

తర్వాత మృదంగం. ఎడమ వైపు చర్మానికి రవ్వ ముద్ద పెడతారు కదా, ఆ వైపు అరచేతితో రుద్దుతూ కొట్టినప్పుడు స్వరం కింది నుంచి పైకి జారుతుంది. మా వైపు జముకుల కథలో తీగ బిగించి వదిలినప్పుడు కూడా అలాంటి జారుడే. ఆ జారడం స్పష్టంగా వినిపిస్తే ఆ హెడ్‌ఫోన్‌కి బేస్ ఉన్నట్టు. ప్రతి దెబ్బా ఒకే "బుమ్"గా వస్తే అది ఉత్త మోత. నాకు ఈ పరీక్ష మీద ఉన్న నమ్మకం ఏ రివ్యూ మీదా లేదు.

వైరు హెడ్‌ఫోన్‌లో గొంతూ బేసూ రెండూ మాయమై, పాట ఎక్కడో గుహలోంచి వస్తున్నట్టుంటే కంగారు పడకండి. జాక్ పూర్తిగా దిగలేదేమో చూడండి. ఎర్త్ అందకపోతే రెండు చెవుల్లోనూ సమానంగా పలికే శబ్దాలన్నీ కొట్టుకుపోతాయి.

మోడళ్ళ సంగతికొస్తే, వైరు రకంలో ఆడియో టెక్నికా ఎం 50 ఎక్స్ బేస్, గొంతు రెండూ చెడకుండా పలుకుతుంది. సోనీ అల్ట్ వేర్‌లో బేస్ పెంచడానికి ప్రత్యేకంగా బటనే ఉంది. స్కల్‌క్యాండీ క్రషర్ రకంలో బేస్‌కి తగ్గట్టు కప్పులు నిజంగానే వణుకుతాయి. ఆ వణుకు ఇష్టమున్నవాళ్ళకి అది పండగే, నాకు మాత్రం గంటకే తల బరువెక్కుతుంది. రెండు వేల లోపు బడ్జెట్ అయితే పెద్ద హెడ్‌ఫోన్ జోలికి వెళ్ళకుండా ఇయర్‌ఫోన్ కొనమంటాను. బ్లూటూత్ కోడెక్‌ల గురించి, అంటే ఫోన్ పాటని కుదించి పంపే పద్ధతుల గురించి టెన్షన్ వద్దు, బేస్‌లో ఆ తేడా తెలియదు.

కొన్నాక ఈక్వలైజర్‌లో 60 గీతని నాలుగైదు డెసిబెల్స్ పెంచండి, 230 గీతని రెండు తగ్గించండి. ఆ తగ్గించడంతోనే లోతు బయటపడుతుంది. అందులో మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచి తగ్గించే ప్రీఆంప్ గీత ఉంటే పెంచినంత మేర దాన్ని దించండి, లేకపోతే శబ్దం పగులుతుంది.

నాలా రైల్లో వినేవాళ్ళు బయటి రొదని తగ్గించే నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నది తీసుకోవాలి. రైలు రొద ఎక్కువగా కింది శబ్దమే, అది పాటలోని బేస్‌ని మింగేస్తుంది. దాన్ని దాటాలని మనం వాల్యూమ్ పెంచేస్తాం. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. వాల్యూమ్ తగ్గిస్తే బేస్ పోయినట్టుంటుంది నిజమే, తక్కువ గట్టిదనంలో మన చెవికి కింది శబ్దాలు సరిగ్గా ఆనవు. అప్పుడు 60 గీత ఒక్కటే ఇంకొంచెం పెంచుకోండి.

ఏడాది తిరిగాక బేస్ తగ్గిందనిపిస్తే కొత్తది కొనేముందు కుషన్లు చూడండి. మన తీరంలో చెమటకి పైతోలు పొట్టు రాలి సందులు పడతాయి. కొత్త కుషన్ల జత వేయగానే నా హెడ్‌ఫోన్‌కి పాత బేస్ తిరిగొచ్చింది. ఇయర్‌ఫోన్ అయితే జాలీకి పట్టిన గులిమిని పొడి బ్రష్‌తో, జాలీ కిందికి ఉండేలా పట్టుకుని దులపండి.