పొంతన లేని ఆరు సబ్జెక్టులు, ఒకే నెల: సెమిస్టర్ పరీక్షలకు ఎలా చదవాలి?

బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ గ్రూపు తీసుకున్న విద్యార్థికి మొదటి సెమిస్టర్‌లో సాధారణంగా ఉండే పేపర్లు ఇవి: కాలిక్యులస్, మెకానిక్స్, సీ ప్రోగ్రామింగ్, తెలుగు, ఇంగ్లిష్, ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్. యూనివర్సిటీని బట్టి పేర్లు కొంచెం మారతాయి, అంతే. ఇంటర్‌లోనూ చాలా సబ్జెక్టులు ఉండేవి. కానీ అక్కడ స్టడీ అవర్లు, వీక్లీ టెస్టులు, రివిజన్లు అన్నీ కాలేజీయే చూసుకునేది. డిగ్రీకి వచ్చాక ఆ బాధ్యత పూర్తిగా విద్యార్థి మీదే పడుతుంది. ఏది ఎప్పుడు చదవాలో చెప్పేవాళ్ళు ఉండరు.

అప్పుడు చాలామంది అన్ని సబ్జెక్టులకూ ఒకటే పద్ధతి పెట్టుకుంటారు. పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి అండర్‌లైన్ చేస్తూ చదువుకుంటూ పోతారు. ఎన్విరాన్‌మెంట్‌కి ఇది కొంతవరకు పనికొస్తుంది, కాలిక్యులస్‌కి పనికిరాదు. సీ ప్రోగ్రామింగ్‌కి అయితే నష్టమే చేస్తుంది. ఎందుకంటే రాసి ఉన్న ప్రోగ్రామ్‌ని చదువుతుంటే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. తెల్ల కాగితం ముందు కూర్చున్నప్పుడు గానీ ఏదీ రాలేదని తెలియదు. అందుకే ఏ సబ్జెక్టును ఎంతసేపు చదవాలో లెక్క వేసుకునే ముందు, దాన్ని ఏ పద్ధతిలో చదవాలో తేల్చుకోవాలి. పరీక్షలకు ఇంకా నాలుగైదు వారాలు ఉన్నాయనుకుని మొదలుపెడదాం.

1. ముందు పాత పేపర్లు, తర్వాత పుస్తకం

ప్రతి సబ్జెక్టుకీ సిలబస్ కాపీ, గత మూడు నాలుగేళ్ళ ప్రశ్నపత్రాలు సంపాదించండి. లైబ్రరీలో ఉంటాయి, సీనియర్ల దగ్గరా ఉంటాయి. పాత పేపర్ మీ సిలబస్‌దేనా, మారకముందుదా అన్నది చూసుకోండి.

ఇప్పుడు ఒక్కో పేపర్ ముందు పెట్టుకుని ఒకే ప్రశ్న వేసుకోండి: "హాల్లో నా చేత ఇది ఏం చేయిస్తుంది?" మ్యాథ్స్ లెక్క చేయిస్తుంది. ఫిజిక్స్ డెరివేషన్ రాయిస్తుంది, బొమ్మ వేయిస్తుంది. సీ ప్రోగ్రామ్ రాయిస్తుంది, అవుట్‌పుట్ చెప్పమంటుంది. తెలుగు ప్రతిపదార్థం, సందర్భం, సారాంశం, వ్యాకరణం అడుగుతుంది. ఎన్విరాన్‌మెంట్ వివరించమంటుంది. హాల్లో ఏ పని చేయాలో ఇంట్లోనూ అదే పని చేయడమే ప్రిపరేషన్.

మార్కుల నిబంధన కూడా చదవండి. చాలాచోట్ల ఇంటర్నల్స్ ఎంత బాగా వచ్చినా, సెమిస్టర్ ఎండ్ పేపర్లో విడిగా కనీస మార్కులు రావాల్సిందే.

2. ఎక్కడున్నారో గంటలో తేల్చుకోండి

పుస్తకం ముట్టుకోకుండా, సబ్జెక్టుకో పాత పేపర్ తీసుకుని ఒక గంట రాయడానికి ప్రయత్నించండి. ఖాళీగా వదిలేసిన ప్రశ్నలే మీ అసలు సిలబస్. ఇష్టమైన సబ్జెక్టుకు ఎక్కువ టైమ్ ఇవ్వడం మన సహజ గుణం, దాన్ని ఈ పరీక్ష సరిచేస్తుంది.

ముఖ్యంగా భాషలనూ ఎన్విరాన్‌మెంట్‌నీ ఈ టెస్ట్ నుంచి తప్పించకండి. "తెలుగే కదా, ముందు రోజు చూసుకుందాం" అన్న మాట వల్ల తెలివైన పిల్లలు కూడా బ్యాక్‌లాగ్ తెచ్చుకుంటారు. ఆ ఒక్క పేపర్ మిగిలితే చాలు, సర్టిఫికెట్ ఆగిపోతుంది, పీజీ సీటు దగ్గరా ఇబ్బంది అవుతుంది. చిన్న సబ్జెక్టు అన్న మాట నాకు నచ్చదు. మార్కుల మెమో మీద అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

3. వారానికో సబ్జెక్టు వద్దు

మొదటి వారం మ్యాథ్స్, రెండో వారం ఫిజిక్స్ అని రాసుకున్న టైమ్‌టేబుల్ చూడటానికి చక్కగా ఉంటుంది. కానీ ఐదో వారానికి వచ్చేసరికి మొదటి వారంలో చదివింది పోతుంది. జర్మన్ పరిశోధకుడు ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీ పట్టి, ఎంత త్వరగా మర్చిపోతున్నాడో కొలిచి, 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లోనే ఎక్కువగా ఉంటుందనీ, మధ్య మధ్య విరామం ఇచ్చి చదివితే తక్కువ శ్రమతో నిలుస్తుందనీ ఆయన గమనించాడు. అంటే ప్రతి సబ్జెక్టూ రెండు మూడు రోజులకొకసారి మళ్ళీ మీ ముందుకు రావాలి.

రోజును మూడు భాగాలు చేయండి. బుర్ర చురుగ్గా ఉండే వేళ లెక్కలకో డెరివేషన్లకో ఇవ్వండి. రెండో భాగంలో దానికి పూర్తిగా భిన్నమైన పని, అంటే తెలుగు గానీ ఎన్విరాన్‌మెంట్ గానీ పెట్టుకోండి. మూడోది సీ లేదా ఇంగ్లిష్. మ్యాథ్స్ వెంటనే ఫిజిక్స్ డెరివేషన్లు పెడితే చేయీ బుర్రా రెండూ అలసిపోతాయి. లెక్కల తర్వాత పద్యం చదువుతుంటే ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. సబ్జెక్టులకు పొంతన లేకపోవడం ఇక్కడ మీకు లాభమే.

ఒక సబ్జెక్టు నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పదినిమిషాలు లేచి తిరగండి. ఆ పదినిమిషాలూ ఫోన్‌కి ఇస్తే మాత్రం అరగంట పోతుంది. లేచే ముందు "తర్వాత ఇక్కడి నుంచి" అని నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసిపెట్టండి. మళ్ళీ కూర్చున్నప్పుడు వెతుక్కునే పని ఉండదు.

4. ఏ సబ్జెక్టుకు ఆ పద్ధతి

*మ్యాథ్స్.* సాల్వ్ చేసిన లెక్కను చదవకండి. ప్రశ్న వరకే చూసి, మిగతాది చేత్తో కప్పేసి చేయండి. ఆగిపోతే ఒక్క లైను చూసి మళ్ళీ కప్పేయండి. ఇంకో విషయం, చాప్టర్ వారీగా ఒకే రకం లెక్కలు ఇరవై చేసి బాగా వచ్చిందనుకుంటాం. పరీక్షలో ప్రశ్న మీద చాప్టర్ పేరు ఉండదు. ఇక్కడ వాడాల్సింది లగ్రాంజ్ మధ్యమ విలువ సిద్ధాంతమా, సమఘాత ప్రమేయాలకు వాడే ఆయిలర్ సిద్ధాంతమా, వక్రతా వ్యాసార్ధం సూత్రమా అని మీరే గుర్తుపట్టాలి. అందుకే మూడో వారం నుంచి రకరకాల లెక్కలు చీటీల మీద రాసి, కలిపేసి, చేతికి వచ్చింది చేయండి. ఇలా కలిపి చేసినవాళ్ళు సాధన సమయంలో ఎక్కువ తప్పులు చేసినా, తర్వాత పెట్టిన పరీక్షలో బాగా రాశారని రోరర్, టేలర్ 2007లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. సాధనలో తప్పులు వస్తున్నాయని టెన్షన్ పడకండి.

*ఫిజిక్స్.* డెరివేషన్‌ను పద్యంలా అప్పజెప్పేవాళ్ళు మధ్యలో ఒక మెట్టు జారితే అక్కడే ఆగిపోతారు. దాన్ని ఐదు ముక్కలుగా పట్టుకోండి: ఏం అనుకుని మొదలుపెట్టాం, బొమ్మ, మొదటి సమీకరణం, మలుపు ఎక్కడ, చివరి ఫలితం. కెప్లర్ రెండో నియమంలో మలుపు కోణీయ ద్రవ్యవేగం మారకపోవడం. అది తెలిస్తే మిగతా లైన్లు వాటంతట అవే వస్తాయి. డాంప్డ్ ఆసిలేషన్స్‌లో ఓవర్, క్రిటికల్, అండర్ అని మూడు సందర్భాలను విడివిడిగా బట్టీ పడతారు. నిజానికి ఒకే అవకలన సమీకరణం, దాని మూలాలను బట్టి మూడు దారులు. చివర్లో సమీకరణానికి రెండు వైపులా మితులు (డైమెన్షన్లు) సరిపోయాయో లేదో చూసుకోండి, చాలా తప్పులు అక్కడే దొరుకుతాయి.

*సీ ప్రోగ్రామింగ్.* ఈ పరీక్ష కంప్యూటర్ మీద కాదు, కాగితం మీద జరుగుతుంది. కాబట్టి ప్రోగ్రామ్‌ని ముందు కాగితం మీద రాయండి, తర్వాత దాన్ని ఉన్నదున్నట్టు టైప్ చేసి నడపండి. కంపైలర్ చూపించిన తప్పుల్ని ఒక పేజీలో రాసుకోండి. రెండు మూడు సార్లు చేస్తే మీ అలవాటు తప్పులు బయటపడతాయి: సెమీకోలన్ మర్చిపోవడం, స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ వదిలేయడం, పోల్చాల్సిన చోట రెండు ఈక్వల్ గుర్తులకు బదులు ఒకటే పెట్టడం. అవుట్‌పుట్ ప్రశ్నలకు వేరియబుళ్ళ పేర్లతో పట్టిక గీసి, లూప్ తిరిగిన ప్రతిసారీ విలువలు మార్చుకుంటూ వెళ్ళండి. ఆర్మ్‌స్ట్రాంగ్ నంబర్ ప్రోగ్రామ్‌కి 153 ఇచ్చి చూడండి. 3 ఘనం 27, 5 ఘనం 125, 1 ఘనం 1, మొత్తం మళ్ళీ 153. పట్టికలో ఇది మీ చేత్తో వచ్చిందంటే ఆ లూప్ ఇక మర్చిపోరు.

*తెలుగు.* పద్యాలు రోజుకొకటి పైకి చదవండి, గట్టిగా. ప్రతిపదార్థం చెప్పేటప్పుడు ముందు అన్వయం, అంటే వచనంలో పదాలు వచ్చే వరుస, చూసుకుంటే పదాలు వాటి చోట పడతాయి. ఛందస్సులో నాలుగు వృత్తాల గణాలనూ విడివిడిగా కంఠస్థం చేస్తుంటే పరీక్షలో కలగాపులగం అవుతాయి. ఇలా పట్టుకోండి. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం. దాని మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల. అప్పుడు అక్షరాలు ఇరవై ఒకటి, యతి పదకొండు. శార్దూలానికి మ స జ స త త గ, పంతొమ్మిది అక్షరాలు, యతి పదమూడు. దాని మొదటి గురువును కూడా రెండు లఘువులు చేస్తే మత్తేభం. ఇరవై అక్షరాలు, యతి పద్నాలుగు. రెండు వృత్తాలు వస్తే నాలుగూ వచ్చినట్టే. తర్వాత మీ సిలబస్‌లోని పద్యపాదాలు తీసుకుని గురులఘువులు గుర్తించండి. ఇందులో మార్కులు పోవడానికి కారణమే ఉండదు.

*ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్.* డిగ్రీలో ఈ పేపర్ తప్పనిసరి కావడానికి మూలం న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. ఇది చట్టాలు, సంవత్సరాలు ఎక్కువగా ఉన్న పేపర్. వాటిని పట్టికలా కాకుండా ఒక కథలా పేర్చుకోండి. 1972లో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి స్టాక్‌హోం సదస్సు జరిగింది. అదే ఏడాది మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1974లో నీటి కాలుష్య చట్టం, 1980లో అటవీ సంరక్షణ చట్టం, 1981లో వాయు కాలుష్య చట్టం. 1984 డిసెంబర్‌లో భోపాల్ గ్యాస్ దుర్ఘటన, దాని తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. వ్యాసానికి మన చుట్టూ ఉన్న ఉదాహరణలు రాయండి. చిత్తడి నేలల గురించి అడిగితే కొల్లేరు ఉండనే ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య మంచినీటి సరస్సు, 2002 నుంచి అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో ఉంది, చేపల చెరువుల వల్ల కుంచించుకుపోయింది. గైడ్‌లో ఉన్న నాలుగు పాయింట్లు అందరూ రాస్తారు.

*ఇంగ్లిష్.* రెండు రోజులకు ఒక లెటర్ గానీ పేరాగ్రాఫ్ గానీ రాసి ఎవరి చేతనైనా దిద్దించుకోండి. చదివితే వచ్చేది కాదు.

5. పుస్తకం మూసి రాయండి

ఏ సబ్జెక్టు అయినా చదవడం అయిపోగానే పుస్తకం మూసి, గుర్తున్నదంతా ఒక తెల్ల కాగితం మీద రాయండి. తర్వాత తెరిచి, రానివి ఎర్ర పెన్నుతో చేర్చండి. రివిజన్ అంటే ఇదే. రోడిగర్, కార్పిక్ అనే అమెరికన్ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివింది గుర్తుచేసుకుని రాసినవాళ్ళే ముందుకొచ్చారు. మనకు కావాల్సింది ఆ వారం తర్వాతి జ్ఞాపకమే. ఎర్ర పెన్ను కాగితాలు సబ్జెక్టు వారీగా దాచుకోండి, ముందు రోజు చదవాల్సింది అవే.

6. మూడు గంటలు కూర్చుని రాయండి

నాలుగో వారంలో ప్రతి పెద్ద సబ్జెక్టుకూ ఒక్కసారైనా పూర్తి పేపర్ గడియారం పెట్టుకుని రాయండి. 80 మార్కులకు 3 గంటలైతే, చదవడానికి పది, చివర్లో సరిచూసుకోవడానికి పది నిమిషాలు తీసేయండి. మిగిలిన 160 నిమిషాల్లో మార్కుకు రెండు నిమిషాలు. ఐదు మార్కుల ప్రశ్నకు పది నిమిషాలు దాటితే తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోవాలి. సగం వదిలేసిన ఒక జవాబు కంటే, అసలు ముట్టుకోని రెండు ప్రశ్నల వల్లే మార్కులు ఎక్కువ పోతాయి.

7. పరీక్షల మధ్య రోజులు

టైమ్‌టేబుల్ రాగానే మధ్యలో ఎన్ని ఖాళీ రోజులు ఉన్నాయో చూడండి. సెలవు లేకుండా పక్కపక్కనే పడిన రెండు పేపర్లలో రెండోదాన్ని పరీక్షలు మొదలయ్యే లోపే పూర్తిచేసి పెట్టుకోవాలి. ఇది చాలామంది చూసుకోరు, అక్కడే నైట్ అవుట్లు మొదలవుతాయి. పగలు చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. లెక్కలు, సీ లాంటి పేపర్లకు నిద్ర లేకుండా వెళ్తే వచ్చిన లెక్క కూడా తప్పుతుంది. ముందు రోజు రాత్రి కొత్త చాప్టర్ తెరవకండి. హాల్ టికెట్, రెండు పెన్నులు, స్కేలు, అనుమతి ఉంటే కాలిక్యులేటర్ బ్యాగులో పెట్టేసి పడుకోండి.

రాసి బయటికొచ్చాక గేటు దగ్గర నిలబడి ఆన్సర్లు సరిచూసుకోవద్దు. ఆ పేపర్ ఇక మారదు. అన్నం తిని, ఒక గంట పడుకుని, తర్వాతి సబ్జెక్టు ఎర్ర పెన్ను కాగితాలు తీయండి.